తెర మీద నవాబు, నేల టికెట్టులో సాయిబు

మా అబ్బా 'మొఘల్-ఎ-ఆజమ్' పదకొండుసార్లు చూశాడు. లెక్క ఆయన చెప్పిందే. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో దర్జీ పని ఆయనది. రంజాన్ నెలంతా ఊరివాళ్ళ కొత్తబట్టలు కుట్టి, పండగనాటికి కళ్ళు వాచిపోయి ఉండేవాడు. అయినా ఆ సినిమా ఎక్కడన్నా మళ్ళీ వేశారని తెలిస్తే బస్సెక్కి పోయేవాడు. నేల టికెట్టు. తిరిగొచ్చాక మా ముగ్గురు అన్నదమ్ముల్నీ మిషన్ చుట్టూ కూచోబెట్టుకుని పృథ్వీరాజ్ కపూర్ గొంతుతో మాటలు చెప్పేవాడు. చేతిలో కత్తెర అట్లాగే ఉండేది. మా ఇంట్లో అక్బర్ బాద్షా కత్తెర పట్టుకునే దర్బారు చేసేవాడు.

మేం పెద్దయ్యాక, ఉర్దూలో కొన్నాళ్ళూ తెలుగులో కొన్నాళ్ళూ వార్తలు రాసుకుని బతకడం మొదలుపెట్టాక, "మీవాళ్ళ మీద వచ్చిన గొప్ప సినిమా ఏది?" అని తోటివాళ్ళు అడిగితే మేమూ ఆ పేరే చెప్పాం. చాలా ఏళ్ళు చెప్పాం. ఇప్పుడు ఆ జవాబును మళ్ళీ ఒకసారి చూసుకోవాలనిపిస్తోంది. ఏ సినిమాని నెత్తినెక్కించుకున్నాం? ఏ సినిమాని గడప అవతలే నిలబెట్టాం? ఇది సినిమా పండితుల గొడవ కాదు. తెర మీద మా బొమ్మ ఎట్లా ఉంటే బస్సులో పక్క సీటువాడు మమ్మల్ని అట్లాగే చూస్తాడు. కాబట్టి ఇది మా బతుకు గొడవ.

ముందు మొఘల్-ఎ-ఆజమ్ సంగతే తేల్చుకుందాం. 1960లో వచ్చింది. కె. ఆసిఫ్ ఏళ్ళ తరబడి తీశాడు. దిలీప్ కుమార్, మధుబాల, నౌషాద్ సంగీతం, బడే గులాం అలీఖాన్ గొంతు, అద్దాల మహలు. వీటిలో దేన్నీ మేం తక్కువ చెయ్యం. కానీ దాన్ని మా చరిత్ర అన్నారే, అక్కడ వచ్చింది చిక్కు. అనార్కలి కథ అక్బర్‌నామాలో లేదు. జహంగీరు తన జ్ఞాపకాల్లో ఎక్కడా రాసుకోలేదు. 17వ శతాబ్దం మొదట్లో లాహోరు వచ్చిన ఇంగ్లీషు వర్తకుడు విలియం ఫించ్ రాతల్లో అట్లాంటి పుకారొకటి కనిపిస్తుంది. దాన్ని నాటకంగా నిలబెట్టింది 1922లో ఇంతియాజ్ అలీ తాజ్. ఆ తర్వాత మూకీలు, టాకీలు, 1955లో మన తెలుగు 'అనార్కలి'... అక్కినేని సలీం, అంజలీదేవి అనార్కలి. 70ల చివర ఎన్టీఆర్ అక్బరు, బాలకృష్ణ సలీం. ఒక పుకారు ఇంతమంది చేతులు మారి మాకు వారసత్వంగా వచ్చి పడింది.

మాకు దానివల్ల ఒరిగిందేమిటి? సినిమా చూసి బయటికొచ్చిన తెలుగువాడికి సాయిబు అంటే కిరీటం పెట్టుకున్నవాడు. ఒకప్పుడు మమ్మల్ని ఏలినవాడు. వాడు మంచి రాజైనా, చెడ్డరాజైనా రాజే. ఇక మా అబ్బా కత్తెర ఎవరికి కనిపిస్తుంది?

మొగలులు అయిపోయాక నవాబులొచ్చారు. 'ముస్లిం సోషల్' అని ఒక జాతి సినిమాలకు పేరే పెట్టారు. 1943లో మెహబూబ్ ఖాన్ తీసిన 'నజ్మా' దగ్గర్నుంచి లెక్కేసుకోవచ్చు. 'చౌద్‌వీ కా చాంద్' 1960, 'మేరే మెహబూబ్' 1963, 'పాకీజా' 1972. లక్నో, అలీఘర్, నకాబులో కళ్ళు, షేర్వానీలు, ముషాయిరాలు, కోఠాలు. అందరూ గజల్లోనే మాట్లాడుకుంటారు. ఎవరికీ పొద్దున లేచి పనికి పోయే అగత్యం లేదు. తమాషా ఏమిటంటే, ఈ సినిమాలు వెల్లువగా వచ్చిన రోజుల్లోనే బయట నవాబులూ జమీందార్లూ కూలిపోయారు. మా హైదరాబాదులో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రాజభాషగా ఉన్న ఉర్దూ పక్కకు పోయింది. ఆ భాష ఒక్కటే చదువుకుని చిన్న చిన్న కొలువులు చేసిన వేలమందికి చేతిలో పని లేకుండా పోయింది. జవాన్లు, గుమాస్తాలు, సిపాయిలు రిక్షా ఎక్కారు. అంటే తొక్కడానికి ఎక్కారు. తెర మీద మాత్రం మేం పల్లకీలు దిగుతూనే ఉన్నాం.

పాకీజా చూసి మేమూ ఏడ్చాం. విడుదలైన రెండు నెలల్లోపే మీనాకుమారి చనిపోయింది గనక ఆ ఏడుపు ఇంకా పెద్దదైంది. 1981 'ఉమ్రావ్ జాన్'లో ఖయ్యాం పాటలకు మేమూ తలలూపాం. కానీ మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరని అడిగితే ఈ సినిమాలు చెప్పే జవాబు రెండే మాటలు: బేగం, లేకపోతే తవాయఫ్. బీడీలు చుట్టే అమ్మీ, లక్క గాజుల కొలిమి దగ్గర కూచున్న ఖాలా, పరాయి ఇళ్ళల్లో అంట్లు తోమే ఆపా ఈ రెంటిలో ఎక్కడ ఇముడుతారు?

1982లో ఒకే ఏడు రెండు సినిమాలొచ్చాయి. ఒకటి బి.ఆర్. చోప్రా 'నికాహ్', రెండోది సాగర్ సర్హదీ 'బాజార్'. నికాహ్ బ్రహ్మాండంగా ఆడింది. సల్మా ఆగా పాటలు పాన్‌డబ్బాల దగ్గర కూడా మోగాయి. ముస్లిం ఇంటి గొడవంటే తలాక్ ఒక్కటే అని దేశమంతా ఖాయం చేసుకుంది. తలాక్ బాధ అబద్ధమని మేం అనం. మా అక్కచెల్లెళ్ళు పడ్డారు, పడుతున్నారు. కానీ మా ఆడవాళ్ళకు ఆకలి కూడా ఉంటుందని చెప్పింది బాజార్. అది మా హైదరాబాదు కథ. గల్ఫు నుంచి వచ్చిన డబ్బున్నవాడికి ఒక బీదపిల్లను పెళ్ళి పేరుతో అమ్మిన కథ. సుప్రియా పాఠక్, ఫారూఖ్ షేక్, స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా. అందులో మఖ్దూం మొహియుద్దీన్ గజల్ కూడా ఉంది. మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టి, రైతాంగ పోరాటంలో నిలబడ్డ మన మఖ్దూం. లతతో కలిసి పాడింది మన హైదరాబాదీ తలత్ అజీజ్. ఇంత మన సినిమాకు మనం చేసిందేమిటి? గజల్ ఉంచుకున్నాం, పిల్లను మరిచిపోయాం. ఇవాళ్టికీ మెహఫిళ్ళలో ఆ పాట పాడతారు, వాహ్వా అంటారు. అది ఏ సందర్భంలో వస్తుందో గుర్తున్నవాళ్ళు ఎంతమంది? 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయే విమానంలో ముసలి మొగుడి పక్కన ఏడుస్తున్న పదేళ్ళ పిల్లను ఎయిర్‌హోస్టెస్ కనిపెట్టింది. దేశమంతా ఉలిక్కిపడింది. బాజార్ తొమ్మిదేళ్ళ ముందే చెప్పింది. అప్పుడు ఎందుకు ఉలిక్కిపడలేదు?

ఇక మా పిల్లతనంలోకి వస్తాం. 'రోజా' 1992లో వచ్చింది. తెలుగులో మా పక్క టౌనులో ఆడింది. రహమాన్ పాటలు మాకు నోటికొచ్చు. మేం ముగ్గురమూ పోయాం. కాలుతున్న జెండా మీద హీరో పడి మంట ఆర్పుతుంటే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. జెండా మాది కూడా కదా. ఆ మంటల మధ్యనే తీవ్రవాది నమాజు చదువుతూ కనిపిస్తాడు. మా అబ్బా రోజూ చదివే నమాజు అది. అదే రుకూ, అదే సజ్దా. మా చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని చూసి పళ్ళు కొరుకుతున్నారు. మా తమ్ముడు అంతకుముందు దాకా తల మీదున్న టోపీని తీసి జేబులో పెట్టుకున్నాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరూ తియ్యమనలేదు.

మూడేళ్ళకు 'బొంబాయి' వచ్చింది. మతసామరస్యానికి ఇంతకన్నా గొప్ప సినిమా లేదన్నారు. దర్శకుడి ఇంటి మీద బాంబు కూడా వేశారు, ఆ పని ఎవరు చేసినా నీచమే. కానీ సినిమా గురించి మాట్లాడాలి. బాబ్రీ కూల్చివేత అందులో పత్రికల హెడ్‌లైన్లుగా దాటిపోతుంది. అటు ఇంతమంది, ఇటు ఇంతమంది కత్తులు పట్టుకుంటారు. తక్కెడ సమానంగా తూగుతుంది. నిజం తక్కెడ అట్లా తూగలేదు. 1998లో శ్రీకృష్ణ కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో 900 మంది చనిపోయారు. అందులో ముస్లింలు 575, హిందువులు 275, మిగిలినవాళ్ళు ఇతరులు, ఎవరో తెలియనివాళ్ళు. సినిమా తీసేనాటికి నివేదిక రాలేదన్నది నిజమే. కానీ బొంబాయి వీధులకు నివేదికతో పనేముంది? 275 కుటుంబాల ఏడుపు మాకు తక్కువ కాదు. ఎవరి శవం మీదైనా కన్నీళ్ళు ఒకటే. నేరం మాత్రం సగం సగం పంచుకునేది కాదు. పంచిపెట్టి దాన్ని సామరస్యం అంటే మేం ఒప్పుకోం.

తెలుగు సినిమా మమ్మల్ని ఎట్లా చూసింది? చాలాకాలం నవ్వులాటగా చూసింది. తెలుగు సరిగ్గా రాని సాయిబు, 'అరె భాయ్' అనే సాయిబు, హీరో కోసం ప్రాణమిచ్చే సాయిబు. 1980లో 'రామ్ రాబర్ట్ రహీం' వచ్చింది, హిందీ 'అమర్ అక్బర్ ఆంథోనీ'కి తెలుగు. మేం ఈలలు వేసి చూశాం. పెద్దయ్యాక ఆలోచిస్తే ఒకటి తట్టింది. అందులో రహీం పుట్టుకతో హిందువే. సాయిబు పెంచుకున్నాడంతే. మంచి రహీం కావాలంటే రక్తం ఇంకోచోట నుంచి తెచ్చుకోవాలా? 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ ఆటో నడిపే అమ్జద్. మంచి ముస్లిం. తమ్ముడు తీవ్రవాది. దేశభక్తి నిరూపించుకోవడానికి మంచి ముస్లిం తమ్ముణ్ణే వదులుకోవాలి. ఆటో డ్రైవరు హిందువైతే మీటరు సరిగ్గా తిప్పితే చాలు, దేశభక్తి రుజువు చెయ్యనక్కర్లేదు. దాన్నే ఆ రోజుల్లో అందరూ నెత్తిన పెట్టుకున్నారు. అయిదేళ్ళు తిరక్కుండా 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది మావాళ్ళు. పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. ఆ సంగతిని తెలుగు తెర కాస్తయినా తాకింది 2010లో క్రిష్ 'వేదం'లోనే. మనోజ్ బాజ్‌పాయ్ వేసిన రహీముద్దీన్ పాత్ర. ఆ సినిమాను మెచ్చుకున్నవాళ్ళు కూడా మిగతా పాత్రల గురించి మాట్లాడినంత రహీముద్దీన్ గురించి మాట్లాడలేదు.

1948 గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. 'మాభూమి' 1979లో తీశారు. గౌతమ్ ఘోష్ దర్శకుడు, నిర్మాతల్లో బి. నర్సింగరావు ఒకరు. తెలుగువాళ్ళందరూ గర్వంగా చెప్పుకునే సినిమా, మేమూ చెప్పుకుంటాం. దానికి ఆధారం 'జబ్ ఖేత్ జాగే' అనే ఉర్దూ నవల అని ఎంతమందికి గుర్తు? రాసింది కిషన్ చందర్. ఉర్దూలో రాసిన హిందువు. తెలంగాణ పోరాటం మీద వచ్చిన గొప్ప తెలుగు సినిమా ఉర్దూ కడుపులోంచి పుట్టింది. ఉర్దూ అంటే నిజాము, తెలుగు అంటే రైతు అని గీత గీసేవాళ్ళకు ఆ ఒక్క సంగతి చాలు. విసునూరు దొరతో భూమి కోసం కొట్లాడి చచ్చిపోయిన షేక్ బందగీ మా వాడు. రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో వాళ్ళ చేతుల్లో చచ్చిపోయిన షోయబుల్లాఖాన్ మా వాడు, మా వృత్తివాడు, ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు. 2024లో 'రజాకార్' అని సినిమా వచ్చింది. రజాకార్ల దౌర్జన్యాలు అబద్ధం కాదు. బైరాన్‌పల్లి అబద్ధం కాదు. వాళ్ళను వెనకేసుకొచ్చే పని మాకు లేదు. కానీ 1948 సెప్టెంబరుతో కథ అయిపోలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం ఊళ్ళు తిరిగి, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల తరబడి దాచారు. 2013 నాటికి గానీ జనం చదువుకునే వీలు రాలేదు. ఆ చావుల మీద పెద్ద తెర సినిమా ఏదీ తెలుగులో మేం చూడలేదు. మా దాదీ చెప్పింది మాత్రం విన్నాం. అప్పుడు మా అబ్బా ఆమె కడుపులో ఉన్నాడు. గొల్లవాళ్ళ ముసలమ్మ ఒకామె దాదీని గొర్రెల దొడ్డిలో నాలుగు రోజులు దాచింది. ఆ ముసలమ్మ కూడా ఏ సినిమాలోనూ లేదు.

ఇంతసేపూ కాదన్నవే చెప్పాం. ఇప్పుడు మావని చెప్పుకోవలసిన వాటి దగ్గరికొద్దాం.

ఎం.ఎస్. సత్యూ 'గర్మ్ హవా' 1973లో పూర్తయింది. ఇస్మత్ చుగ్తాయ్ కథ. కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాశారు. ప్రభుత్వ సంస్థ ఇచ్చిన కొద్దిపాటి అప్పుతో ఆగ్రా వీధుల్లో తీశారు. షూటింగు దగ్గర గొడవలు జరుగుతుంటే, జనాన్ని మళ్ళించడానికి ఉత్త కెమెరా ఇచ్చి ఒక దొంగ బృందాన్ని ఇంకో వీధికి పంపేవాళ్ళట. అల్లర్లు రేగుతాయని సెన్సారు వాళ్ళు నెలల తరబడి ఆపారు. విడుదలయ్యాక ఎక్కడా అల్లర్లు కాలేదు. జాతీయ సమైక్యతకు ప్రభుత్వమే బహుమతి ఇచ్చింది. బలరాజ్ సాహ్నీ డబ్బింగు ముగించి, సినిమా జనంలోకి రాకముందే కన్నుమూశాడు.

అందులో సలీం మీర్జా నవాబు కాదు. చెప్పులు తయారుచేసే చిన్న కార్ఖానాదారు. దేశం విడిపోయింది. అన్న పాకిస్తాను పోతాడు. పెద్దకొడుకు పోతాడు. కూతుర్ని చేసుకోవలసిన పిల్లవాడు పోతాడు. మీర్జా పోడు. పోనందుకు ఏమవుతుందో సినిమా అంతా అదే. బ్యాంకులో అప్పు పుట్టదు, రేపు నువ్వూ పోతే బాకీ ఎవరు కడతారని. ఇల్లు అన్న పేరు మీద ఉంది గనక సర్కారు జప్తు చేస్తుంది. అద్దె ఇల్లు దొరకదు. అమ్మ ఆ హవేలీ వదిలి రానంటుంది, చివరికి చావడానికి మళ్ళీ అక్కడికే మోసుకుపోతారు. కూతురు చనిపోతుంది. ఇంటి నక్షా అన్నకు పంపినందుకు గూఢచారి అంటారు. కోర్టు వదిలేస్తుంది, వీధి వదలదు. ఇందులో ఒక్క కత్తి లేదు, ఒక్క బాంబు లేదు. కాగితాలు, బ్యాంకు బల్ల, తలుపు మూసిన ఇంటాయన. మేం హైదరాబాదులో అద్దె ఇళ్ళ కోసం తిరిగిన రోజుల్లో ఫోనులో 'ఖాళీగా ఉంది రండి' అని, గుమ్మంలో పేరు విన్నాక 'ఇప్పుడే ఇచ్చేశాం' అన్నవాళ్ళ ముఖాలు మాకు గుర్తున్నాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మంచినీళ్ళిచ్చి పంపారు. ఆగ్రాలోనూ అట్లాగే పంపారు.

సయీద్ అఖ్తర్ మీర్జా 1989లో 'సలీం లంగ్‌డే పే మత్ రో' తీశాడు. బొంబాయిలో మిల్లు మూతపడ్డ ఇంటి పిల్లవాడు దాదాగిరీలో పడ్డ కథ. అతని చెల్లెల్ని చేసుకోవాలనుకునేవాడు ఉర్దూ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. హిందీ తెర మీద ఉర్దూ ప్రూఫ్‌రీడర్ను చూసి మేం ఎంత మురిశామో మా వృత్తివాళ్ళకే తెలుస్తుంది. 1994 బెనెగల్ 'మమ్మో'లో పాకిస్తాను నుంచి అక్కచెల్లెళ్ళ దగ్గరికొచ్చిన ముసలామెను పోలీసులు రైలెక్కిస్తారు. 1995 'నసీమ్'లో కైఫీ ఆజ్మీయే తాతగా వేశాడు. బాబ్రీ కూలిన రోజున ఆ తాత చనిపోతాడు. ఈ మూడూ కలిపి చూసినవాళ్ళు, ఒక్క రోజా చూసినవాళ్ళలో నూరోవంతు ఉంటారా?

ఇంకొకటుంది. నవ్వకండి. 'ది అంగ్రేజ్' అని ఒకటి వచ్చింది. చార్మినార్ దగ్గర ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ. పెద్ద కథేం లేదు. చదువుకున్న మావాళ్ళు ఛీ అన్నారు. కానీ హిందీ సినిమాలో దక్ఖనీ ఎప్పుడూ నౌకరు భాషే. 1965 'గుమ్‌నామ్'లో మెహమూద్ వంటవాడిగా దాన్ని మాట్లాడితే దేశం నవ్వింది. 1974లో 'అంకుర్' తీసిన బెనెగల్ మా పలుకును గౌరవంగా వినిపించాడు, అది వేరే మాట. అంగ్రేజ్‌లో మాత్రం నక్కో, హౌ అంటూ మా గల్లీ మా నోటితోనే మాట్లాడింది. మేం మామీద మేమే నవ్వుకున్నాం. ఇస్మాయిల్ భాయ్ వేసినాయన ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. దక్ఖనీ ఒక మతం సొత్తు కాదని ఉపన్యాసం లేకుండా తేలిపోయింది.

తప్పంతా తీసేవాళ్ళదేనా? మా తప్పు లేదా? నవాబును తెరమీద చూసి చప్పట్లు కొట్టింది మేమే. మేం అష్రాఫులం అని చెప్పుకోవడానికి ఆ సినిమాలు పనికొచ్చాయి. ఉర్దూ రాని దూదేకులవాళ్ళను, తెలుగులోనే ఏడ్చి తెలుగులోనే దువా చేసే నూర్‌బాషాలను, ఫకీర్లను, కటికవాళ్ళను 'అసలు ముస్లింలేనా' అన్నది మేమే. వాళ్ళ సినిమా ఇంకా రాలేదు. లేనిదాన్ని తక్కువ అంచనా వేశామని కూడా అనలేం.

2014లో గర్మ్ హవా ప్రింటు బాగుచేసి మళ్ళీ విడుదల చేశారు. ఆ తర్వాత ఒక రాత్రి అబ్బాకు కంప్యూటర్లో చూపించాం. అప్పటికి చూపు తగ్గింది, మిషన్ మూలకు పెట్టేశాడు. రెండున్నర గంటలూ మాట్లాడలేదు. అయ్యాక, వాళ్ళ అబ్బా తాలూకాఫీసులో జవానుగా ఉండి నౌకరీ పోయి దర్జీ పని నేర్చుకున్న సంగతి చెప్పాడు. మాకు అప్పటిదాకా తెలియదు. తరతరాలుగా దర్జీలమనుకున్నాం. 'మీరెందుకు పోలేదు' అని ఊళ్ళో ఎవరెవరు అడిగారో పేర్లతో చెప్పాడు.

"మళ్ళీ చూస్తావా?" అన్నాం.

"నక్కో బేటా. పగలంతా ఇదేనాయె. రాత్రి కూడా ఇదేనా? అక్బర్ బాద్షాది పెట్టు."

మేం రాసుకున్న వాదన అంతా అక్కడ ఒక్కసారి కూలబడింది. బాద్షా సినిమా మమ్మల్ని మోసం చేసిందనుకున్నాం. కత్తెర పట్టుకున్న చేతికి అది మూడు గంటల సెలవని ఆయన చెప్పాడు. ఆ సెలవు ఆయనకు దక్కవలసిందే. దాన్నే మా చిరునామా అని మిగతా లోకానికి ఇవ్వడం మాత్రం ఇక చెయ్యం.

పన్నెండోసారి పెట్టాం. చూస్తూ చూస్తూ ఒకచోట ఆపమన్నాడు. "వీళ్ళ బట్టలు చూడు. అన్నీ కొత్తవే. ఒక్కడు కూడా తొడుక్కుని తిరిగినట్టు లేడు. ఆ చెప్పులాయన షేర్వానీ ఉందే, అది మనిషి వేసుకున్న షేర్వానీ" అన్నాడు.